జవాను తప్పుకు కమాండర్ ఎంతవరకు జవాబుదారీ?

సైనిక్‌పురి_సాయి
రాత్రి 8:40

2014 ఫిబ్రవరి 26న సింధురత్న జలాంతర్గామిలో పొగ కమ్ముకుని ఇద్దరు అధికారులు చనిపోయారు. అదే రోజు నేవీ చీఫ్ అడ్మిరల్ డి.కె. జోషీ రాజీనామా ఇచ్చారు. 2022 మార్చి 9న మన బ్రహ్మోస్ క్షిపణి పొరపాటున ఎగిరి పాకిస్తాన్‌లో మియాన్ చన్ను దగ్గర పడింది. ఆ ఆగస్టులో ముగ్గురు వాయుసేన అధికారుల్ని తీసేశారు. వాళ్లలో పెద్ద ర్యాంకు గ్రూప్ కెప్టెన్. ఒకచోట బాధ్యత శిఖరం దాకా వెళ్లింది, ఇంకోచోట యూనిట్ దగ్గరే ఆగింది. ఈ గీత గీసేది ఎవరు? మన చట్టంలో దీనికి ఒక లెక్కంటూ ఉందా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

లా_లైబ్రరీ
రాత్రి 9:05

సాయి గారూ, మీరు చెప్పిన రెండూ ఒకే తక్కెడలో తూగవు. జోషీ గారిది నైతిక బాధ్యత. ఏ సెక్షనూ ఆయన్ని దిగమనలేదు. మన పక్కనే మహబూబ్‌నగర్ దగ్గర 1956లో రైలు ప్రమాదం జరిగినప్పుడు రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇస్తే నెహ్రూ ఒప్పుకోలేదు. ఆ నవంబరులో అరియలూరు ప్రమాదం తర్వాత ఒప్పుకున్నారు. జోషీ గారిదీ ఆ కోవే.

బ్రహ్మోస్ విషయంలో జరిగింది పాలనాపరమైన చర్య. నిర్దేశించిన పద్ధతి తప్పారని విచారణలో తేలింది, సర్వీసు నుంచి తొలగించారు. కోర్ట్ మార్షల్ లేదు, నేరం రుజువు చేయాల్సిన పనీ లేదు.

మీరు నిజంగా అడుగుతున్నది మూడోది, నేర బాధ్యత. కింది వాడు నేరం చేశాడు, పైవాడు తన చేత్తో చేయలేదు, చేయమని చెప్పలేదు, అయినా ముద్దాయి అవుతాడా? అంతర్జాతీయ న్యాయస్థానాలు దీనికి మూడు ప్రశ్నలు వేస్తాయి. ఆ మనుషులు నిజంగా అతని అదుపులో ఉన్నారా? నేరం జరుగుతోందని, లేదా జరిగిందని అతనికి తెలుసా, తెలిసే వీలుందా? తెలిసినప్పుడు ఆపడానికో, శిక్షించడానికో తన చేతనైనంత చేశాడా? మొదటి రెండింటికీ అవును, మూడోదానికి కాదు అని తేలితేనే శిక్ష. యుగోస్లావియా యుద్ధనేరాల ట్రిబ్యునల్ 1998లో బోస్నియాలోని చెలెబిచి ఖైదీల శిబిరం కేసులో ఈ మూడింటినీ విడివిడిగా పరిశీలించి తీర్పు ఇచ్చింది.

ర్యాంకు చూసి బాధ్యత తేల్చడం చాలా పెద్ద పొరపాటు. మేజర్ హోదా ఉండి జవాన్ల చిన్న దళాన్ని కూడా కదిలించలేని స్టాఫ్ ఆఫీసర్లు ఉంటారు. ఏ హోదా లేకుండా వెయ్యి మందిని నడిపించేవాళ్లూ ఉంటారు.

కొండాపూర్_కిరణ్
రాత్రి 9:31

ఈ మూడు ప్రశ్నలు తర్వాత వచ్చినవి సార్. మొదట్లో ఇంత న్యాయంగా లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ జనరల్ యమషితా కేసు చూడండి. 1944 అక్టోబర్ 9న ఆయన ఫిలిప్పీన్స్‌లో కమాండ్ తీసుకున్నారు. 20న అమెరికన్లు లేటే దీవిలో దిగారు. చేతిలో ఉన్నది పదకొండు రోజులు. మనీలా వదిలేసి ఉత్తర లుజోన్ కొండల్లోకి తగ్గమని సైన్యానికి చెప్పారు. నగరంలో ఉండిపోయిన నౌకాదళం రియర్ అడ్మిరల్ ఇవబుచి కింద పోరాడింది. 1945 ఫిబ్రవరిలో అక్కడ దాదాపు లక్ష మంది పౌరులు చనిపోయారు.

మనీలాలో అమెరికన్ మిలిటరీ కమిషన్ 123 ఆరోపణలు పెట్టింది, 286 మంది సాక్షుల్ని విన్నది, డిసెంబర్ 7న ఉరిశిక్ష వేసింది. ఆయన ఆదేశించాడని రుజువు చేయాల్సిన అవసరం లేదని ప్రాసిక్యూషన్ వాదన. అమెరికా సుప్రీం కోర్టు 1946 ఫిబ్రవరి 4న 6–2తో దాన్ని నిలబెట్టింది. ఒప్పుకోని ఇద్దరూ జస్టిస్ మర్ఫీ, జస్టిస్ రట్లెడ్జ్. మర్ఫీ రాసినదాని సారం ఇది: మీ కమ్యూనికేషన్ లైన్లు మేమే తెంచాం, మీ సైన్యాన్ని మేమే చెల్లాచెదురు చేశాం, ఇప్పుడు అదుపు తప్పిందని మిమ్మల్నే శిక్షిస్తున్నాం. ఫిబ్రవరి 23న ఉరి తీశారు.

అదే అమెరికా తన వాళ్ల దగ్గరికి వచ్చేసరికి కొలత మార్చింది. 1968 మార్చి 16న వియత్నాంలో అమెరికన్ సైనికులు చేసిన మై లై ఊచకోత. లెఫ్టినెంట్ కేలీకి శిక్ష పడింది. కంపెనీ కమాండర్ కెప్టెన్ మెడీనాని 1971లో విడుదల చేశారు. ఆ జ్యూరీకి జడ్జి చెప్పింది, కమాండర్‌కి నిజంగా తెలిసి ఉండాలి, ‘తెలిసి ఉండాల్సింది’ అంటే చాలదని. రెండు కేసుల మధ్య పాతికేళ్లు, రెండు కొలతలు. నాకు కోపం తెప్పించేది ఇదే.

లా_లైబ్రరీ
రాత్రి 9:48

కోపం సబబే. ఒక్క సవరణ. యమషితా తీర్పును ఆనాటి న్యాయమూర్తులందరూ కళ్లకద్దుకోలేదు. 1948లో న్యూరెంబర్గ్‌లోనే, జర్మన్ హైకమాండ్ కేసులో, కింద జరిగిన ప్రతి నేరమూ పైవాడి నెత్తిన పడదనీ, అతని సొంత నిర్లక్ష్యం కనపడాలనీ చెప్పారు. దారి మారడం అక్కడే మొదలైంది.

ఇప్పుడు అంతర్జాతీయ నేర న్యాయస్థానం రోమ్ శాసనం, ఆర్టికల్ 28. సైనిక కమాండర్‌కి ‘తెలుసు, లేదా అప్పటి పరిస్థితుల్లో తెలిసి ఉండాల్సింది’ అని కొలత. సైన్యం కాని పైఅధికారులకు ఇంకాస్త వెసులుబాటు, స్పష్టంగా సూచించే సమాచారాన్ని కావాలని పక్కన పెట్టి ఉండాలి. భారత్ ఆ శాసనం మీద సంతకం చేయలేదు. జెనీవా ఒప్పందాల 1977 అదనపు ప్రోటోకాల్‌లోనూ లేదు. కాబట్టి ఇవి మన కమాండర్ల మీద నేరుగా పని చేయవు.

గోల్కొండ_గన్నర్
రాత్రి 10:10

చట్టం ముచ్చట మీరు చెప్పుర్రి, గ్రౌండ్ మీద ఎట్ల తేలుతదో నేను చెప్త. ఏదైనా ఆపరేషన్ల తప్పు జరిగిందనంగనే కమాండర్‌కి ‘తెలుసా’ అనేది నాలుగు కాగితాల మీద తేలుతది. కోత్ (ఆయుధాలు పెట్టే గది) రిజిస్టర్, మందుగుండు లెక్క, రేడియో లాగ్, సిట్‌రెప్ (పైకి పంపే పరిస్థితి రిపోర్టు).

లెక్క చూడుర్రి. ఐదుగురు పోయిన్రు, ఒక్కొక్కనికి ముప్పై రౌండ్ల మ్యాగజీన్లు మూడు. మొత్తం 450 ఇచ్చినట్టు. తిరిగొచ్చినయి 431. పందొమ్మిది ఎక్కడ పోయినయి? ఎవరు, ఎప్పుడు, ఏ దూరం నుంచి, ఎందుకు కాల్చిన్రో పందొమ్మిదింటికీ జవాబు రాయాలె. ఖాళీ తూటాలు దొరికిన జాగ, సిట్‌రెప్‌ల రాసిన జాగ ఒక్కటి కాకపోతే అక్కడనే కథ బయటపడ్తది. ‘రాత్రి రెండు గంటలకు ఎదురుకాల్పులు’ అని రాసి, రేడియో లాగ్‌ల రెండు గంటల పదిహేనుకు ‘అంతా నార్మల్’ అని ఉంటే ఎవరో ఒకరు అబద్ధం రాసినట్టే.

ఎక్కువ తప్పు జరిగేది ఆ మొదటి రాత్రే. తుపాకులు తుడిచి కోత్‌ల పెట్టేస్తరు. అట్ల చేస్తే ఫోరెన్సిక్‌కి ఏం మిగలది. ఆయుధాలు తుడవకుంట, నంబర్ రాసి, సీల్ చేసి విడిగ పెట్టాలె. ఆపరేషన్ల ఉన్నోళ్లను వేర్వేరుగ కూసోబెట్టి, ఒకరి మాట ఒకరు వినకముందే స్టేట్‌మెంట్లు తీసుకోవాలె. అందర్నీ ఒక్క టెంటుల కూసోబెట్టి రాయిస్తే అందరి కాగితాలల్ల అదే వాక్యం వస్తది. అది చూసినోనికి ఎవరికైనా అనుమానమే.

ఇంకోటి. విచారణకు ఆర్డర్ ఆ యూనిట్ సీఓ (కమాండింగ్ ఆఫీసర్) ఇయ్యొద్దు. పై హెడ్‌క్వార్టర్స్ ఇయ్యాలె, బయటి యూనిట్ ఆఫీసర్లు కూసోవాలె. తన ఇంటి దొంగతనాన్ని తనే పంచాయితీ చేసుకుంటే ఊరు నమ్మదు.

చార్మినార్_చరిత్ర
రాత్రి 10:26

‘అదుపు’ అనే మొదటి ప్రశ్నకు హైదరాబాద్‌లోనే ఉదాహరణ ఉంది. 1948 సెప్టెంబర్‌లో నిజాం సైన్యానికి కమాండర్ మేజర్ జనరల్ ఎల్ ఎద్రూస్, రజాకార్ల నాయకుడు కాసిం రజ్వీ. సైన్యం ఆయన కింద, రజాకార్లు ఈయన కింద. తెలంగాణ పల్లెల్లో రజాకార్లు చేసిన దౌర్జన్యాలకు ఎల్ ఎద్రూస్‌ని బాధ్యుణ్ణి చేయాలంటే, వాళ్లకు ఆయన ఆజ్ఞ ఇచ్చి పాటింపజేయగలిగేవాడా అన్నది తేలాలి. యూనిఫాం లేని దళం ఒకటి, యూనిఫాం ఉన్న సైన్యం ఒకటి పక్కపక్కనే తిరుగుతున్నప్పుడు ఈ గీత దొరకడం చాలా కష్టం. రజ్వీకి కోర్టులో శిక్ష పడి, 1957లో విడుదలై పాకిస్తాన్ వెళ్లాడు.

దీన్నే తిప్పి చూడండి. పోలీస్ చర్య ముగిశాక మరాఠ్వాడా, కర్ణాటక జిల్లాల్లో ముస్లింల మీద జరిగిన హత్యల గురించి సుందర్‌లాల్ కమిటీ నివేదిక రాసింది. కొన్నిచోట్ల సైనికుల, పోలీసుల పాత్ర గురించీ అందులో ఉంది. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు. ‘తెలుసా’ అనే రెండో ప్రశ్న కన్నా, తెలిసిన తర్వాత ఆ కాగితం ఏ బీరువాలోకి వెళ్లిందన్నది ఇక్కడ పెద్ద ప్రశ్న.

నిర్వాహకుడు
రాత్రి 10:30

పోలీస్ చర్య మీద విడిగా దారం ఉంది, ఇక్కడ అదుపు అనే అంశం వరకే. పోలీసు ఎన్‌కౌంటర్ల మీద వచ్చిన రెండు వ్యాఖ్యలు కూడా వేరే దారానికి మార్చాను.

సైనిక్‌పురి_సాయి
రాత్రి 10:41

గన్నర్ అన్నా, చరిత్ర గారూ, ధన్యవాదాలు. అంతర్జాతీయ చట్టం మనకు నేరుగా పనిచేయదంటే మరి ఆర్మీ యాక్ట్‌లో ఏముంది? ‘కింది వాడు నేరం చేస్తే ఆపని పైవాడు’ అనే సెక్షన్ అసలు ఉందా?

లా_లైబ్రరీ
రాత్రి 11:12

రోమ్ శాసనంలో ఉన్నంత విశాలంగా లేదు. కానీ చాలామంది చూడని చిన్న సెక్షన్ ఒకటి ఉంది. ఆర్మీ యాక్ట్ 1950, సెక్షన్ 64, క్లాజు ఏ. ఒక పోస్టులో గానీ, దళం ప్రయాణంలో గానీ కమాండ్‌లో ఉన్నవాడికి, తన కింది వాడు ఎవరినైనా కొట్టాడనో, బాధపెట్టాడనో, సంతను గానీ జాతరను గానీ చెదరగొట్టాడనో, దొమ్మీకి దిగాడనో ఫిర్యాదు అందిందనుకోండి. బాధితుడికి తగిన పరిహారం ఇప్పించడంలో గానీ, సరైన అధికారికి రిపోర్టు చేయడంలో గానీ అతను విఫలమైతే అది నేరం. ఏడేళ్ల వరకు జైలు. సంత అన్న మాట చూస్తే అర్థమవుతుంది, దండు నడిచే దారిలో ఉన్న ఊళ్లను దృష్టిలో పెట్టుకుని రాసిన పాత భాష అది. కానీ లోపలున్నది కమాండర్ బాధ్యతే. నా అభిప్రాయంలో మన చట్టంలో కమాండర్ బాధ్యతకు అతి దగ్గరగా వచ్చే వాక్యం ఇదే. దీన్ని వాడకపోవడం మన దురదృష్టం.

దీని పరిధి తెలుసుకోవాలి. ఫిర్యాదు అందాలి. ‘అందకపోయినా తెలిసి ఉండాల్సింది’ అనే కొలత ఇందులో లేదు.

మిగిలినవి చుట్టు దారులు. సెక్షన్ 63, క్రమశిక్షణకు భంగం కలిగించే చర్య లేదా లోపం, ఇది కూడా ఏడేళ్ల వరకు. పర్యవేక్షణలో లోపం అనేదాన్ని దీని కింద పెట్టవచ్చు. కోర్ట్ మార్షల్ దాకా వెళ్లకుండా అసంతృప్తి వ్యక్తం చేస్తూ ఇచ్చే సెన్షూర్ ఉంది. రికార్డులో చేరితే ప్రమోషన్ బోర్డు ముందుకు వస్తుంది. సెక్షన్ 19, దానితోపాటు రూల్ 14 కింద సర్వీసు నుంచి తొలగింపు ఉంది.

ఇక గడువు. సెక్షన్ 122 ప్రకారం మూడేళ్లు దాటితే కోర్ట్ మార్షల్ మొదలుపెట్టడానికి వీల్లేదు. సైన్యం నుంచి పారిపోవడం, తిరుగుబాటు లాంటి కొన్నిటికి తప్ప. గడువు నేరం జరిగిన రోజు నుంచి గానీ, బాధితుడికో చర్య మొదలుపెట్టగల అధికారికో తెలిసిన రోజు నుంచి గానీ లెక్క. కేసులు జారిపోయేది ఎక్కువగా ఇక్కడే. విచారణ రెండేళ్లు సాగి, సమ్మరీ ఆఫ్ ఎవిడెన్స్ (కోర్ట్ మార్షల్‌కి ముందు సాక్ష్యాలు రాసుకోవడం) మరో ఏడాది తింటే తలుపు మూసుకుంటుంది.

తిరుమలగిరి_తారక
రాత్రి 11:30

విచారణ దగ్గరే చాలా కేసులు కూలిపోవడానికి కారణం ఆర్మీ రూల్ 180. కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీలో, అంటే సైన్యం లోపలి తొలి విచారణలో, ఒకరి ప్రతిష్ఠకు భంగం వచ్చేలా ఉంటే, ఆ వ్యక్తిని విచారణ అంతటా కూర్చోనివ్వాలి, సాక్షుల్ని ప్రశ్నించనివ్వాలి, తన సాక్షుల్ని పిలవనివ్వాలి. సీఓ పేరు మూడో రోజు బయటపడితే, మొదటి రెండు రోజుల సాక్షుల్ని మళ్లీ పిలవాల్సిందే. తొందరలో దీన్ని వదిలేస్తారు. తర్వాత ట్రిబ్యునల్‌లో మొదటి అభ్యంతరం అదే అవుతుంది. మన తెలుగు రాష్ట్రాల కేసులు సాయుధ బలగాల ట్రిబ్యునల్ చెన్నై బెంచ్ పరిధిలోకి వస్తాయి.

ఇంకా ఒకటి. కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీలో చెప్పింది కోర్ట్ మార్షల్‌లో సాక్ష్యంగా పనికిరాదు, రూల్ 182. అందుకే రూల్ 22 కింద ఆరోపణ విని, రూల్ 23 కింద సమ్మరీ ఆఫ్ ఎవిడెన్స్ మళ్లీ మొదటి నుంచి తీయాలి. ‘అప్పుడే చెప్పాను కదా’ అని సాక్షి విసుక్కుంటాడు. కానీ ఆ విసుగుకు భయపడి కుదించిన కాగితం కోర్టులో నిలవదు.

కొండాపూర్_కిరణ్
రాత్రి 11:44

సెక్షన్లు బాగున్నాయి. ఆచరణ సంగతి? కశ్మీర్‌లో మాచిల్ 2010. ముగ్గురు యువకుల్ని నియంత్రణ రేఖ దగ్గరికి తీసుకెళ్లి చంపి, చొరబాటుదార్లని చూపించారు. కోర్ట్ మార్షల్ ఒక కల్నల్‌తో సహా ఐదుగురికి యావజ్జీవం వేసింది. 2017లో ట్రిబ్యునల్ ఆ శిక్షను నిలిపివేసి బెయిల్ ఇచ్చింది. కశ్మీర్‌లోనే పత్రిబల్ 2000, పౌరుల్ని చంపి ఉగ్రవాదులని చూపారన్న కేసు. సీబీఐ ఛార్జిషీటు వేసింది. 2012లో సుప్రీం కోర్టు, ముందు కోర్ట్ మార్షలా మామూలు కోర్టా అన్నది సైన్యమే తేల్చుకోమంది. సైన్యం తన దగ్గర ఉంచుకుని 2014లో సాక్ష్యం లేదని మూసేసింది. నాగాలాండ్‌లో ఓటింగ్ అనే ఊరు, 2021 డిసెంబర్, సైన్యం కాల్పుల్లో పౌరులు చనిపోయారు. నాగాలాండ్ పోలీసులు 30 మంది సైనికుల మీద ఛార్జిషీటు వేస్తే కేంద్రం అనుమతి ఇవ్వలేదు.

గమనించండి, మాచిల్‌లో కల్నల్‌కి శిక్ష పడింది ఊరుకున్నందుకు కాదు, కుట్రలో భాగస్వామి అన్నందుకు. ఊరికే చూస్తూ ఉన్నందుకు మాత్రమే శిక్ష పడిన పెద్ద కేసు మీ దగ్గర ఉంటే చెప్పండి.

లా_లైబ్రరీ
రాత్రి 11:58

నా దగ్గర లేదు. మీ మాటతో ఒప్పుకుంటాను. సాయుధ బలగాల ప్రత్యేకాధికారాల చట్టంలో, సైనికుల మీద కేసు నడపాలంటే కేంద్రం ముందస్తు అనుమతి కావాలనే నిబంధన పెద్ద గోడ. అయినా 1997లో సుప్రీం కోర్టు నాగా ప్రజల ఉద్యమం కేసులో ఆ చట్టాన్ని నిలబెడుతూనే, సైన్యం తానే రాసుకున్న చేయవలసినవి, చేయకూడనివి తప్పనిసరిగా పాటించాలంది. పట్టుకున్నవాళ్లను వీలైనంత త్వరగా దగ్గరి పోలీస్ స్టేషన్‌కి అప్పగించాలన్నది వాటిలో ఒకటి. 2016లో మణిపూర్ కేసులో, కల్లోలిత ప్రాంతంలోనూ సైన్యానికి సంపూర్ణ రక్షణ లేదని చెప్పింది.

సైనిక్‌పురి_సాయి
రాత్రి 12:06

కొత్తగా వచ్చిన సీఓ మాటేమిటి? ముందు సీఓ కాలంలో జరిగినదానికి ఇతను బాధ్యుడా?

లా_లైబ్రరీ
రాత్రి 12:24

మంచి ప్రశ్న. 2003లో హజిహసనోవిచ్ కేసులో యుగోస్లావియా ట్రిబ్యునల్ అప్పీలు బెంచి 3–2తో, తాను కమాండ్ తీసుకోకముందు జరిగిన నేరాలకు కమాండర్ బాధ్యుడు కాడంది. అంటే కమాండ్ మారిన రోజున శిక్షించాల్సిన బాధ్యత ఎవరి చేతిలోనూ లేకుండా జారిపోతుంది. ఆ ఇద్దరు భిన్నాభిప్రాయ న్యాయమూర్తుల బాధ అదే.

ఇక్కడ మన సెక్షన్ 64 కొంచెం మెరుగని నా అభిప్రాయం. దాని భాష నేరం జరిగిన రోజు ఎవరు కమాండ్‌లో ఉన్నారని అడగదు. కమాండ్‌లో ఉండగా, తన కింది వాడి మీద ఫిర్యాదు అందిందా అని అడుగుతుంది. కొత్త సీఓ టేబుల్ మీదికి పాత ఫిర్యాదు వచ్చి, అతను దాన్ని డ్రాయర్‌లో పెడితే ఆ లోపం అతనిదే.

పద్మారావునగర్_పద్మ
రాత్రి 12:31

‘ఆపడానికి చేతనైనంత’ అనే మూడో ప్రశ్న గురించి. సౌప్తిక పర్వంలో కృపాచార్యుడు నిద్రపోతున్నవాళ్లను చంపొద్దని అశ్వత్థామకు గట్టిగా చెప్పాడు. ఆ తర్వాత కృతవర్మతో కలిసి శిబిర ద్వారం దగ్గర నిలబడి, పారిపోయి వచ్చినవాళ్లను చంపాడు. ‘నేను వద్దన్నాను’ అనే మాట తర్వాత నిలబడిన చోటు చూడాలి కదా.

లా_లైబ్రరీ
రాత్రి 12:47

సరిగ్గా పట్టుకున్నారు. అంతర్జాతీయ నేర న్యాయస్థానంలో బెంబా కేసు మొత్తం ఆ మాట మీదే నడిచింది. కాంగో తిరుగుబాటు నాయకుడు జాన్ పియెర్ బెంబా కాంగోలోనే ఉండి, తన దళాలను 2002లో మధ్య ఆఫ్రికా రిపబ్లిక్‌కి పంపాడు. వాళ్లు అత్యాచారాలు, హత్యలు, దోపిడీలు చేశారు. 2016లో 18 ఏళ్ల శిక్ష పడింది. 2018 జూన్‌లో అప్పీలు బెంచి 3–2తో విడుదల చేసింది. దూరాన ఉన్న కమాండర్‌కి వేరే దేశంలో దర్యాప్తు నడపడం ఎంత సాధ్యమో కింది కోర్టు సరిగ్గా తూచలేదంది. అతను ఒక విచారణ వేశాడు, కొందరు సైనికులను చిన్న దోపిడీలకు విచారించాడు, ఉత్తరాలు రాశాడు. అవి పైపై పనులా, నిజమైన ప్రయత్నమా అన్న దగ్గరే న్యాయమూర్తులు చీలిపోయారు. నా మటుకు ఆ తీర్పు బాధితులకు చేసిన అన్యాయం. ఉత్తరం రాయడం చాలనుకునే కమాండర్‌కి అది దారి చూపింది.

గోల్కొండ_గన్నర్
రాత్రి 12:55

పొరపాటుకు, నేరానికి తేడా మరువొద్దు. 2019 ఫిబ్రవరి 27న బడ్గాం. శ్రీనగర్ నుంచి మన మిస్సైలే మన ఎంఐ-17 హెలికాప్టర్‌ని కొట్టింది. ఆరుగురు వాయుసేన వాళ్లు, కింద ఒక పౌరుడు పోయిన్రు. అక్కడ ఎవరికీ చంపాలని లేదు. శత్రువో మనోడో గుర్తుపట్టే పద్ధతి, కంట్రోల్‌కి, మిస్సైల్ యూనిట్‌కి నడుమ మాట, ఆర్డర్ ఇచ్చే హక్కు ఎవరిదన్నది, ఇవి చెదిరినయి. జనరల్ కోర్ట్ మార్షల్ 2023ల అప్పటి చీఫ్ ఆపరేషన్స్ ఆఫీసర్‌ని తొలగించమంది. ఇసుంటి కేసుల ‘నేను ఆర్డర్ ఇయ్యలే’ అన్నది సరిపోదు. ఆర్డర్ ఎవరిస్తరో ముందుగాల రాసిపెట్టడమే కమాండర్ పని. అది రాయకపోతే తప్పు అక్కడ్నే మొదలైనట్టు.

తిరుమలగిరి_తారక
రాత్రి 1:10

సాయి గారి ప్రశ్నకు మళ్లీ వస్తున్నాను, సెక్షన్ 64 దగ్గరికి. ‘ఫిర్యాదు’ రాతపూర్వకంగా ఉండాలని ఆ సెక్షన్‌లో లేదు. గేటు దగ్గర ఒక తల్లి వచ్చి నోటితో చెప్పినా అది ఫిర్యాదే. అందుకే గేటు సెంట్రీ దగ్గర ఒక రిజిస్టర్ ఉండాలి. వచ్చిన సమయం, మనిషి పేరు, ఊరు, ఏ భాషలో చెప్పారు, ఎవరు అనువదించారు, ఎవరి మీద, అడ్జుటెంట్‌కి (సీఓ సహాయాధికారికి) ఎన్ని గంటలకు చేరింది, సీఓ సంతకం. పేజీలకు ముందే నంబర్లు వేసి ఉండాలి, చించడానికి వీల్లేకుండా. ఆ రిజిస్టర్ లేని పోస్టులో సీఓకి తెలుసా అనే ప్రశ్నకు ఎప్పటికీ జవాబు దొరకదు. గేటు దాకా వచ్చి తిరిగి వెళ్లిన ఆ తల్లికీ దొరకదు.